లెక్కల టీచరు బికినీ వ్యాక్సింగు

మా పార్లర్ కళ్ళజోళ్ళ దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉంది. ముందు గదిలో రెండు కుర్చీలు, ఒక నిలువుటద్దం, గోడవారగా ఓ బెంచీ. వెనక గదిలో వ్యాక్సింగ్ మంచం, దానికి అడ్డంగా మందపాటి నీలం తెర. ఆ తెర వెనక పదకొండేళ్ళుగా నేను ఆడవాళ్ళ చేతులు, కాళ్ళు, ఇంకా నలుగురిలో పేరెత్తని చోట్లు నున్నగా చేస్తూ వస్తున్నాను. చేతిపనికంటే నా ఉపన్యాసానికే పేరెక్కువ.

బికినీ వ్యాక్సింగ్, అంటే ఆ పేరెత్తని చోటు పని, కావాలని వచ్చిన ఏ మనిషినీ నేను నేరుగా మంచం ఎక్కించను. ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి మొదలుపెడతాను. వెంట్రుక బియ్యపుగింజంత పెరగాలి, అప్పటిదాకా రేజరు ముట్టుకోవద్దు. ముందురోజు తడిగుడ్డతో మెల్లగా రుద్దుకోవాలి. మెల్లగా అన్నమాట రెండుసార్లు అంటాను. వచ్చే రోజున నూనె, క్రీము ఏదీ రాసుకోకూడదు. నెలసరికి రెండు మూడు రోజుల ముందు రాకూడదు, అప్పుడు చర్మం అయినదానికీ కానిదానికీ కంట తడిపెడుతుంది. వదులు బట్టలు, నూలు లోదుస్తులు వేసుకోవాలి. పని అయ్యాక రెండు రోజులు వేడినీళ్ళు, ఈత, చెమటపట్టే పని, సెంటు సబ్బు, బిగుతు ప్యాంటు ఏవీ పనికిరావు. ఒక రోజు మీ ఆయన్ని పక్క గదిలో పడుకోబెట్టండి. మూడో రోజు దాటాక వారానికి రెండుసార్లు మెత్తగా రుద్దుకుని వాసనలేని క్రీము రాయండి. కురుపు లేస్తే మాత్రం గిల్లవద్దు, గోకవద్దు, వెంట్రుక పీకే ప్లక్కర్ పెట్టవద్దు. ఈ ఆఖరి మాట దగ్గర నా చూపుడువేలు దానంతట అదే పైకి లేస్తుంది.

వెనకాల నన్ను హెడ్మాస్టరమ్మ అంటారని నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండేదాన్ని, ఆ పేరు నాకు నచ్చింది కాబట్టి.

నొప్పి పుడుతుందా అని అడగని మనిషి లేదు. అందరికీ ఒకటే జవాబు. చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే. ఇంత ధీమాగా ఎలా చెప్పేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. ఎందుకంటే ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నేను అది చేయించుకోలేదు. చేతులు, కాళ్ళు నాకు నేనే చేసుకుంటాను. మిగతాది తెలిసినవాళ్ళకు చూపించాలంటే సిగ్గు, తెలియనివాళ్ళకు చూపించాలంటే భయం. ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అడిగింది పోస్టాఫీసు ఆవిడ. మా వీధి చివర పోస్టాఫీసులో పార్సిళ్ళ కిటికీ దగ్గర కూర్చుంటుంది. యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పులకు ఈత మంచిదని డాక్టరు చెప్పారట, వచ్చే నెల నుంచి ఈతకొలనుకి వెళ్ళాలనుకుంటోంది. ఈతబట్టలు వేసుకుంటే పక్కల నుంచి కనిపిస్తుందేమోనని వ్యాక్సింగ్ కోసం వచ్చింది. నా ఉపన్యాసం అంతా పార్సిల్ మీద చిరునామా సరిచూస్తున్నట్టు శ్రద్ధగా విన్నది. చీమ దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"ఏ చీమండీ? నల్ల చీమా, ఎర్ర చీమా?"

నల్లదే అన్నాను.

"మీరు చేయించుకున్నప్పుడు కూడా నల్ల చీమలాగే ఉందా?"

నిలువుటద్దం మీద లేని మరక తుడిచాను. తర్వాత ఉందన్నాను. పోస్టాఫీసు ఆవిడ నా ముఖం వైపు ఒక క్షణం అలాగే చూసింది. ముప్ఫై ఏళ్ళుగా, లోపల పగిలే వస్తువులేవీ లేవండీ అని చెప్పే జనాన్ని చూస్తున్న మనిషి. ఇంకేమీ అడగలేదు. ఇన్నాళ్ళు రేజరు వాడుతున్నానని, బియ్యపుగింజంత పెరగడానికి మూడు వారాలు పడుతుంది కదా, అప్పుడొస్తానని చెప్పి మెట్లు దిగి వెళ్ళింది.

ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. అబద్ధాలు చెప్పడం నాకు కొత్త కాదు. ఈ రంగు మీకు బాగుందని ఎంతమందికి చెప్పలేదు. కానీ ఇది అలాంటిది కాదనిపించింది. మూడు వారాల్లో ఆ చీమ రంగేదో తేల్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

మా వీధిలో చేయించుకుంటే పరువు పోతుంది. రెండు బస్సులు మారితే ఊరి అవతలివైపు ఒక పార్లర్ ఉందని తెలుసు. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు. ఫోన్ చేసి సోమవారానికి టైము తీసుకున్నాను, మాకు సోమవారం సెలవు కాబట్టి. సోమవారం నా నెలసరికి రెండు రోజుల ముందు పడుతుందని గోడమీద క్యాలెండరు చెబుతూనే ఉంది. పదకొండేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, నాకా ఆ నియమాలు, అనుకున్నాను.

ఇక తయారీ చూడండి. శనివారం అద్దంలో చూసుకుంటే సిగ్గేసింది. ఆ అవతారంతో ఇంకో పార్లర్ ఆవిడ ముందుకు వెళ్తే నా గురించి ఏమనుకుంటుందని కత్తెర తీశాను. బియ్యపుగింజంత ఉంచి కత్తిరిద్దామనే కూర్చున్నాను. ఒక పక్క కొంచెం పొట్టిదయింది. దానికి సరిచేయబోతే రెండో పక్క ఇంకా పొట్టిదయింది. ముగించేసరికి బియ్యం రవ్వ అయింది. ఆదివారం తడిగుడ్డతో మెల్లగా రుద్దుకోవలసింది పీచు తీసుకుని మాడిన గిన్నె తోమినట్టు తోమాను. సోమవారం పొద్దున్నే స్నానం చేసి, చర్మం మెత్తగా ఉంటే ఆవిడకు నచ్చుతుందని, వాసన క్రీము రెండు దఫాలు పట్టించాను. పార్లర్ మనిషినని పోల్చుకోకుండా ఉండాలని ఎన్నడూ వేసుకోని జీన్సు ప్యాంటు బయటికి తీశాను. మూడేళ్ళ కిందట కొన్నది. ఊపిరి బిగబట్టి, మంచం మీద వెల్లకిలా పడుకుంటే గానీ గుండీ పడలేదు. వ్యాపారం తాలూకు ప్రదర్శన ఏదో ఉందని మా ఆయనకు చెప్పి బయలుదేరాను.

ఆ పార్లర్ లాండ్రీ పక్కన, నేలమట్టంలో ఉంది. తలుపు తీసిన ఆవిడకు నా వయసే ఉంటుంది. మగపిల్లాడిలా కత్తిరించుకున్న పొట్టి జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. ఒక కాగితం ఇచ్చి వివరాలు రాయమంది. చర్మానికి మందులేమైనా రాస్తున్నారా, ఏదైనా పడదా, నెలసరి ఎప్పుడు. అన్నీ నేను అడిగే ప్రశ్నలే. వృత్తి అన్న గడి దగ్గర నా కలం ఆగింది. ఏమీ తోచక లెక్కల టీచరు అని రాశాను. ప్రపంచంలో ఇన్ని ఉద్యోగాలుండగా లెక్కలే ఎందుకు గుర్తొచ్చాయో తెలియదు. పదో తరగతిలో లెక్కలు రెండుసార్లు తప్పిన మనిషిని నేను.

"పడుకోండి టీచరు గారూ," అంది ఆవిడ.

పడుకుని, అరికాళ్ళు రెండూ కలిపి మోకాళ్ళు చెరోపక్కకు వాల్చాను. ఎంతోమందిని అలా పడుకోమని చెప్పాను గానీ, అలా పడుకుంటే పైకప్పు ఎంత దూరంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. క్రీము మొత్తం తుడిచి పౌడరు అద్దింది. వెంట్రుక మరీ పొట్టిగా ఉందని, కొన్ని ఊడకుండా మధ్యలో తెగిపోతాయని, రెండు వారాలాగి వస్తే నయమని అంది. రెండు బస్సులు మారి వచ్చాను, ఫరవాలేదు కానివ్వమన్నాను. ముందు ఇవన్నీ ఎవరూ చెప్పలేదా అని అడిగింది. ఎవరూ చెప్పలేదండీ అన్నాను, ఏమీ ఎరగనట్టు.

ఆవిడ హీటరు మూత తీసి, పుల్లతో కొంచెం వ్యాక్సు తన మణికట్టుకి రాసుకుని వేడి చూసుకుంది. నాకు రాసి, పైన గుడ్డపట్టీ అద్దింది. గోరువెచ్చగా, హాయిగానే ఉంది. దీనికేనా పదకొండేళ్ళు భయపడ్డాను అనుకున్నాను. ఆ అనుకోవడం పూర్తికాకముందే లాగింది.

నా నోట్లోంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు. తడి నేలమీద ఇనపకుర్చీ ఈడ్చినట్టు వచ్చింది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళలో చీమలని నమ్మించి నేను మంచమెక్కించిన ఆడవాళ్ళందరూ వరసగా కళ్ళముందు నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కరూ లేచి నన్ను కొట్టకపోవడం వాళ్ళ మంచితనం. రెండో పట్టీకి పళ్ళ బిగువున ఆపుకున్నాను. మూడోదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తెలియకుండానే ఎడమచెయ్యి వెళ్ళి చర్మాన్ని బిగువుగా పట్టుకుంది.

"మాట్లాడుతూ ఉంటే నొప్పి తెలియదు టీచరు గారూ," అంది ఆవిడ, ఇంకో చోట వ్యాక్సు రాస్తూ. "మా అమ్మాయికి భిన్నాలు పట్టుబడడం లేదండి. మూడింట రెండు వంతులూ, నాలుగింట మూడు వంతులూ కలిపితే ఎంతవుతుందో చెబుదురూ?"

పైకప్పు వైపు చూశాను. ఆ స్థితిలో మనిషి దగ్గర ఉండే తెలివి ఎంతో నా దగ్గరా అంతే ఉంది. పైవాటిని పైవాటికి, కిందివాటిని కిందివాటికి కలిపాను. ఏడింట అయిదు అన్నాను, టీచరు గొంతు పెట్టి.

"ఓహో," అని లాగింది. "మా అమ్మాయి కూడా అదే రాసిందండి. తప్పని ఇంటూ కొట్టారు."

ఆ స్కూల్లో వేరే పద్ధతి అయ్యుంటుందన్నాను.

ఆవిడ ఇంకో పట్టీ వేసింది. మిగతా పని చకచకా ముగించింది. చల్లటి గుడ్డ వేసి, కలబంద జెల్ పల్చగా రాసి, చెప్పవలసినవి చెప్పడం మొదలుపెట్టింది. వేడినీళ్ళు, చెమట, సెంటు సబ్బు, బిగుతు ప్యాంటు. ఆ మాట దగ్గర కుర్చీమీద మడతపెట్టి ఉన్న నా జీన్సు వైపు ఒకసారి చూసింది. నా ఉపన్యాసానికీ దానికీ పెద్ద తేడా లేదు, ఆవిడ వేలు పైకి లేవలేదు, అంతే. బుద్ధిమంతురాలిలా అన్నిటికీ తలాడించి, ఆవిడ ఇచ్చిన కార్డు సంచిలో వేసుకుని బయటపడ్డాను.

రెండు బస్సుల్లోనూ సీటు దొరకలేదు. సీటు దొరికినా కూర్చునే పరిస్థితి లేదనుకోండి. జీన్సు ప్రతి అడుగుకీ తన పని తాను చేసుకుపోతోంది. చెమట కారి, కారినచోటల్లా కారం రాసినట్టయింది. ఇల్లు చేరి గీజరు వేశాను. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది, రెండు చెంబుల వేడినీళ్ళు పోసుకుంటే ఏమవుతుందిలే అనుకున్నాను. రెండు చెంబులు రెండు బకెట్లయ్యాయి. ఆ పైన సెంటు పౌడరు చల్లుకున్నాను. గోడ గడియారం చూస్తే పని అయి ఇంకా నాలుగు గంటలు కూడా కాలేదు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. కేబులు ఎక్కడ రాసుకుంటోందో చప్పుడునిబట్టి చెప్పగల మనిషి. సాయంత్రం నేను వంటింట్లోంచి హాల్లోకి నడిచి రావడం చూసి పేపరు దించారు. బస్సు దిగుతూ జారిపడ్డావా అని అడిగారు. లేదన్నాను. ప్రదర్శనలో మెట్లు ఎక్కువ ఉన్నాయా అన్నారు. ఉన్నాయన్నాను. నడుం పట్టేసి ఉంటుందని ఆయనే తేల్చేసి, లోపలికి వెళ్ళి నొప్పుల బామ్ సీసా పట్టుకొచ్చారు. తుంటి దగ్గర రాస్తే గంటలో తగ్గిపోతుందట. ఆ మండే మందు అక్కడికి ఒక్క అంగుళం దూరంలోకి వచ్చినా నా గతేమిటో తలుచుకుని గోడకు అంటుకుపోయాను. మా పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నాకు ఏదైనా రాస్తానని ఆయన అంతట ఆయన ముందుకు రావడం అదే మొదటిసారి. వద్దు వద్దని నేను సోఫా చుట్టూ తిరగడం, సీసా మూత తీసి ఆయన వెంటబడడం, అసలు సంగతి ఆయనకు తెలియకపోవడం, చెప్పే ధైర్యం నాకు లేకపోవడం. చివరికి తలనొప్పిగా ఉంది, వాసన పడదని చెప్పి తప్పించుకున్నాను.

నాలుగో రోజుకి ఎర్రటి పొక్కులు లేచాయి. అంతవరకు మామూలే, చాలామందికి లేస్తాయి, తగ్గిపోతాయి. వారానికి అన్నీ తగ్గాయి కూడా, ఒక్కటి తప్ప. తెగిన వెంట్రుక ఒకటి పైకి రాకుండా చర్మం లోపలికి తిరిగి పెరుగుతోంది. పల్చటి చర్మం కింద సన్నటి నల్లగీతలా కనిపిస్తోంది. దాన్ని ఏం చెయ్యాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు. గోరువెచ్చటి గుడ్డ పెట్టుకుని, ముట్టుకోకుండా వదిలెయ్యాలి.

ఆ మధ్యాహ్నం ముందు గదిలో ఇద్దరు కనుబొమల కోసం ఎదురుచూస్తున్నారు. అయిదు నిమిషాల్లో వస్తానని చెప్పి నీలం తెర వేసేశాను. దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం ఉన్న అద్దం మోకాళ్ళ మధ్య నిలబెట్టి, ప్లక్కర్ తీసుకున్నాను. ఒక్క గుచ్చుకే వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. ఇంకో గుచ్చు. ఆ పైన కొంచెం గిల్లాను కూడా. నేను చేస్తున్న పని మా కస్టమర్ ఎవరైనా చేసి ఉంటే తెర చింపుకుని వచ్చి చీవాట్లు పెట్టేదాన్ని. పాతిక నిమిషాలకు బయటికొచ్చేసరికి ఇద్దరిలో ఒకామె వెళ్ళిపోయింది. ఉన్నామెకు కనుబొమ ఒకటి కాస్త సన్నబడింది.

రెండు రోజుల్లో అది ఉసిరికాయంత వాచింది. కొసన చీము పట్టి, చుట్టూ ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. నిలబడితే నొప్పి, కూర్చుంటే ఇంకా నొప్పి. కనుబొమలు తీసేటప్పుడు ఒక కాలు పక్కకు పెట్టి వంగితే, కుర్చీలో ఉన్నావిడ ఎక్కడికైనా పరుగెత్తబోతున్నారా అని అడిగింది. ఇక దారిలేక ఆ కార్డు వెతికి, తెర వెనక నుంచి పొట్టి జుట్టు ఆవిడకు ఫోన్ చేశాను. లెక్కల టీచరునని చెప్పుకున్నాను.

"చేత్తో కదిపారా టీచరు గారూ?"

లేదన్నాను.

"ప్లక్కర్‌తోనా?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. అటువైపు ఆవిడ చిన్నగా నిట్టూర్చడం వినిపించింది. చీము, వేడి, వాపు మూడూ ఉన్నాయంటే ఇంకేమీ పూయవద్దని, ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళమని, అక్కడ సిగ్గుపడవద్దని చెప్పింది. తగ్గాక ఒకసారి వచ్చి కనిపించమంది.

డాక్టరమ్మ చిన్నమ్మాయి. నా వంతు వచ్చేసరికి అలసిపోయి ఉంది. చూడడానికి రెండు నిమిషాలు, చీము తీసి కట్టు కట్టడానికి పది నిమిషాలు పట్టింది. అయిదు రోజులకు మాత్రలు, ఒక పూత మందు రాస్తూ, చేసినావిడ ఏ జాగ్రత్తలూ చెప్పలేదా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే తనే అందుకుంది. ఈ పార్లర్లవాళ్ళంతా ఇంతేనట, జాగ్రత్తలు చెప్పరట, ఇలాంటివి వారానికి నాలుగు తన దగ్గరికి వస్తాయట.

ఊఁ అని ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. నా పరువు నాకుండేది. ఎక్కడో లాండ్రీ పక్కన పార్లర్ ఆవిడకు పోయేదేమీ లేదు. కానీ చల్లటి గుడ్డ వేసి, మంచం దిగేటప్పుడు చెయ్యి పట్టుకున్న ఆవిడ గుర్తొచ్చింది.

"చెప్పిందండి," అన్నాను. "చాలా బాగా చెప్పింది. నేనే ఒక్కటీ వినలేదు. నేనూ పార్లర్ నడుపుతానండి. ఈ జాగ్రత్తలు పదకొండేళ్ళుగా అందరికీ చెబుతున్నది నేనే."

డాక్టరమ్మ రాయడం ఆపింది. కలం బల్లమీద పెట్టి, ఒకటి తర్వాత ఒకటి అడిగింది. పొట్టిగా కత్తిరించారా. కత్తిరించాను. గట్టిగా రుద్దారా. రుద్దాను. వేడినీళ్ళు. పోసుకున్నాను. బిగుతు బట్టలు. వేసుకున్నాను. గిల్లారా. గిల్లాను. అడిగినకొద్దీ ఆమె అలసట పోయి ముఖంలోకి కళ వచ్చింది. చివరికి, తనూ రోగులందరికీ పెందరాళే తిని పడుకోమని చెబుతుందని, తను మాత్రం భోజనం చేసి పదహారు గంటలైందని చెప్పి మాత్రల చీటీ నా చేతిలో పెట్టింది.

మాత్రలు ఎందుకో మా ఆయనకు చెప్పక తప్పలేదు. మొదటి నుంచీ చెప్పాను, ఏడింట అయిదుతో సహా. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు చాలాసేపు ఊగుతూనే ఉంది. తర్వాత లేచివెళ్ళి మాత్రకు నీళ్ళు తెచ్చి ఇచ్చారు. బామ్ సీసా నువ్వు వద్దన్నప్పుడు నిజం చెప్పి ఉంటే నేను ఫ్రిజ్‌లోంచి ఐసుముక్కలు తెచ్చి ఇచ్చేవాణ్ణి కదే, అన్నారు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది.

పూర్తిగా మానాక ఒక సోమవారం వదులు చుడీదారు వేసుకుని మళ్ళీ రెండు బస్సులు మారి వెళ్ళాను. పొట్టి జుట్టు ఆవిడ స్టూలు వేసి కూర్చోబెట్టింది. నేను, ఒక సంగతి చెప్పాలండీ అని మొదలుపెట్టబోయాను.

"పార్లర్ ఎక్కడండీ మీది?" అంది.

ఎప్పుడు తెలిసిందని అడిగాను. లోపలికి రాగానే మీరు నా ముఖం కంటే ముందు నా హీటరు మీద వేడి ఎంత పెట్టానో చూశారు, అంది. అప్పుడు కొంత అనుమానం. నేను అడగకుండానే ఎడమచేత్తో చర్మం బిగించి పట్టుకున్నారు, అదీ సరిగ్గా పట్టుకోవలసినచోట. అప్పుడిక అనుమానం లేదు. మరి భిన్నాలో అన్నాను. ఆవిడ కూతురికి ఇరవై ఆరేళ్ళట, ఇంజనీరట, వంతెనలు కడుతుందట. మీరెంతదాకా వెళ్తారో చూద్దామని అడిగాను గానీ, వేరే పద్ధతి అంటారని మాత్రం అనుకోలేదండీ, అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ నవ్వు మొదలుపెట్టాక నేనూ ఆగలేకపోయాను.

నవ్వు తగ్గాక ఆవిడ కొంచెం బెరుగ్గా, తను చేసిన పని ఎలా ఉందని అడిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ పనిని చూసి చెప్పగల మనిషి ఎవరూ మంచమెక్కలేదట. ఈసారి నిజమే చెప్పాను. పట్టీని పైకెత్తకుండా చర్మానికి ఆనించి లాగుతారు, అందుకే ఎక్కడా కమిలిపోలేదు అన్నాను. పట్టీ లాగిన మరుక్షణం అరచెయ్యి అక్కడ గట్టిగా అదిమి పెడతారు, దాంతో మంట సగానికి తగ్గుతుంది, ఆ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు అన్నాను. నేను లాగిన వెంటనే తర్వాతి చోటికి వెళ్ళిపోతాను, వాళ్ళు మూలుగుతుంటే మాటలు చెబుతాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఎంతసేపు, ఎంత బరువుతో అదమాలో నా ముంజేతి మీదే చూపించింది.

పోస్టాఫీసు ఆవిడ చెప్పిన రోజుకే వచ్చింది. బెంచీ మీద కూర్చుంది. నేను ఎదురుగా నిలబడలేదు, పక్కనే కూర్చున్నాను.

"చీమ కాదండి," అన్నాను. "వారం రోజులు అంటుకున్న ప్లాస్టరు ఒక్కసారిగా పీకినట్టు ఉంటుంది, అదీ మెత్తటి చోట. మొదటి మూడు నాలుగు పట్టీలు భరించలేరు. తర్వాత కొంచెం అలవాటవుతుంది. రెండు రోజులు మంట ఉంటుంది. మొన్న మీరు అడిగేటప్పటికి నేను చేయించుకోలేదు. తర్వాత చేయించుకున్నాను."

ఆవిడ వెంటనే, ఎలా జరిగిందని అడిగింది. దాచకుండా చెప్పాను. అంతా విని వేళ్ళమీద ఏదో లెక్క చూసుకుంది. ఈత నేర్పేచోట మోకాళ్ళదాకా ఉండే ఈతబట్టలు కూడా ఒప్పుకుంటారు కదా అంది. ఒప్పుకుంటారన్నాను. అవి వేసుకుంటే ఇవన్నీ అక్కర్లేదు కదా అంది. అక్కర్లేదన్నాను. అయితే కనుబొమలు చెయ్యమని కుర్చీలో కూర్చుంది. నిజం చెప్పినందుకు నాకు మొట్టమొదట దక్కిన ఫలితం అది, చేతికొచ్చిన పని చేజారడం. ఆ మధ్యాహ్నం వచ్చిన ఇంకొకావిడ మాత్రం అదే మాట విని, నిట్టూర్చి, సరే కానివ్వండి అని మంచమెక్కింది. లాగిన ప్రతిసారీ అరచెయ్యి అదిమిపెట్టాను. లేచాక ఆవిడ, ఈసారి చెయ్యి మారిందేమిటండీ, క్రితంసారికంటే నయంగా ఉంది అంది.

కనుబొమలు అయ్యాక పోస్టాఫీసు ఆవిడ వెళ్తూ వెళ్తూ, రోజంతా నిలబడే పని కదా మీది, మీకు మోకాళ్ళు నొప్పులు లేవా, నాతో ఈతకు రాకూడదా అని అడిగింది. నొప్పులు ఉన్నాయి. ఈత రాదు. నీళ్ళంటే కూడా భయమే. ఆ మాటే చెప్పాను. నాకూ భయమే, ఇద్దరు ఉంటే కొంత నయం అంది.

అలా పోయిన మంగళవారం పొద్దున్నే మేమిద్దరం ఈతకొలనులో లోతు తక్కువ ఉన్న చివర, నడుములోతు నీళ్ళలో నిలబడ్డాం. ఇద్దరివీ మోకాళ్ళు దాటిన నల్లటి ఈతబట్టలు, మోచేతులదాకా చేతులు. నేను పడ్డ పాట్లన్నీ ఏ చోటుకోసమో ఆ చోటు భూమ్మీద ఎవరికీ కనిపించే అవకాశం లేదు. నేర్పే అమ్మాయి నీళ్ళలో దిగి, గట్టు వదిలేసి ముఖం నీళ్ళలో పెట్టమంది. ఏమీ కాదు, కళ్ళు మూసుకుని మూడు అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది అంది.

నీకు మొదటిసారి ఎలా ఉందమ్మా అని అడిగాను.

ఆ అమ్మాయి ఒక క్షణం ఆలోచించి, ముక్కులోకి నీళ్ళు పోయి చచ్చిపోతాననుకున్నానండీ అంది. పోస్టాఫీసు ఆవిడ నా వైపు చూసింది. నేను గట్టు మీది కడ్డీని ఒక చేత్తోనే పట్టుకుని, రెండో చెయ్యి ఆ అమ్మాయికి ఇచ్చాను.